నడుమ పొర
ల్యాబులో ఆమెను అందరూ నిదానమక్క అంటారు. పొరలు విడదీసే ద్రవాన్ని ట్యూబులో పోసి, దాని మీదికి రక్తాన్ని ట్యూబు గోడ వెంబడే, ఊపిరి బిగబట్టి జారుస్తుంది. యంత్రంలో తిప్పి తీశాక నడుమ తేలిన పల్చటి తెల్లపొరను పీల్చి తీస్తుంది. రోగంతో పోరాడే కణాలుండేది అందులోనే. ఆ ఉదయం ఒక నాలుగేళ్ల పాప రక్తంలో పొర తేలలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, ట్యూబును వెలుతురుకెత్తి చూసింది. అడుగున ఎరుపు, పైన పసుపు, నడుమ ఏమీ లేదు. ఇంతలో పాపను చంకనేసుకుని తల్లి కిటికీ దగ్గరకొచ్చింది.

"అక్కా, రక్తం సరిపోలేదా? ఇంకాస్త తీసుకోండి. ఈసారి ఏడవనంటోంది."

ఫలితం చెప్పాల్సింది డాక్టరే. నిదానమక్క అడిగినంతవరకే చెప్పింది. "సరిపోయిందమ్మా."

"హమ్మయ్య! విన్నావా, నీ రక్తం బాగుందంట!" అంటూ తల్లి పాపను ముద్దులతో ముంచెత్తింది. నిదానమక్క ట్యూబును కిటికీకి కనబడకుండా వెనక్కి జరిపింది.