ముందు ఎవరు నడవాలి

నేను ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. సిలబస్‌లో ఉగ్రవాదం మీద ఒక యూనిట్ ఉంది. అది వచ్చేది సరిగ్గా ఇప్పపూలు రాలే రోజుల్లోనే. సిలబస్ రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదు, తెలిసినా మార్చేవాళ్లు కాదు. ఏటా అప్పుడు నా గొంతు పట్టేస్తుంది. ఎండలు మొదలయ్యాయి కదా మేడమ్, ఫ్రిజ్ నీళ్లు తాగకండి అని స్టాఫ్‌రూమ్‌లో తలా ఒక సలహా ఇస్తారు. సరేనంటాను.

పాఠం నాకు నోటికొచ్చు. ఈ పేరు మొదట ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్లకు పెట్టింది కాదని, ఫ్రాన్సులో విప్లవం తర్వాత జనం తలలు నరికించిన పాలనకే ఆ పేరు వచ్చిందని చెబితే పిల్లలు ఫోన్ల మీంచి తలెత్తుతారు. అక్కడి నుంచి రాజుల బండ్ల మీద బాంబులు విసిరినవాళ్లు, తెల్లవాళ్లు ఆ ముద్ర వేసి ఉరితీసిన మనవాళ్లు, దారి మళ్లించిన విమానాలు, కూలిన జంట భవనాలు. దేశదేశాల పెద్దలు ఇన్నేళ్లు కూర్చున్నా అందరూ ఒప్పుకునే నిర్వచనం ఒక్కటి రాయలేకపోయారంటే క్లాసంతా నవ్వుతుంది. అయితే చాలామంది పండితులు ఒక మాట దగ్గర కలుస్తారు. చంపేది కొందరిని, బెదిరించేది చూస్తున్న వేలమందిని. ఆ వాక్యం బోర్డు మీద రాసి కింద గీత గీస్తాను. గీత గీసినప్పుడల్లా మా గుట్ట కళ్లముందుకొస్తుంది. ఆ పొద్దున అక్కడ చూస్తున్నది మా అమ్మ ఒక్కతే.

మా ఊరు దుమ్ముగూడెం దాటాక, గోదావరికి వీపు పెట్టి అడవిలోకి వెళితే వస్తుంది. ఊరి వెనక గుట్ట, గుట్ట అవతల ఛత్తీస్‌గఢ్. మేం కోయవాళ్లం, ఇంట్లో కోయలోనే మాట్లాడుకుంటాం. గుట్ట మీద ఒక్కో ఇంటికి కొన్ని ఇప్పచెట్లు ఉంటాయి. కాగితాలేమీ ఉండవు. అయినా ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ఏరరు. మాకు రెండు చెట్లు, కింది చెట్టు, పై చెట్టు. రాత్రి రాలిన పువ్వును ఎండెక్కకముందే ఏరుకోవాలి, అందుకని చీకటి విడుస్తుండగానే బయలుదేరేవాళ్లం. సన్నటి దారి. ముందు నడిచే మనిషి అడుగు వేసిన చోటే వెనకవాళ్లు అడుగు వేయాలి. ముళ్లకూ పాములకూ భయపడి పెద్దవాళ్లు నేర్పిన పద్ధతి అది. నాన్న బతికున్నన్నాళ్లు నాన్న ముందు నడిచాడు. తర్వాత తమ్ముడు.

తమ్ముడిది తొందర నడక. ఆ పొద్దున పై చెట్టుకు వెళ్లే దారిలో అమ్మ కంటే చాలా ముందు వెళ్లిపోయాడు. "నిదానం కొడకా" అని అమ్మ వెనక నుంచి కేకేసింది. ఆ కేక అయిపోయాక అమ్మకు వినిపించింది పేలుడే.

నేను ఖమ్మంలో బస్సెక్కి ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మ ఏడవడం లేదు. "నేను ముంగట నడిస్తె అయిపోతుండె" అని మాత్రం అన్నది. తర్వాత చాన్నాళ్లు ఆ మాటే అన్నది.

అడవిలో తిరిగే దళంవాళ్లు ఆ మందుపాతర దారిలో పాతిపెట్టింది పోలీసుల కోసమట. పొరపాటు జరిగిందని ఎవరో ఎవరితోనో కబురు పంపారు. పోలీసులు వచ్చి, దళంవాళ్లకు ఎవరెవరు అన్నం పెట్టారో చెప్పమని ఊరందరినీ అడిగారు. అంతకుముందు దళంవాళ్లు వచ్చి పోలీసులకు ఎవరెవరు నీళ్లిచ్చారని అడిగి వెళ్లారు. మా ఊళ్లో అన్నం, నీళ్లు కూడా భయం పెట్టే వస్తువులైపోయాయి.

ఆ తర్వాత గుట్ట ఎవరూ ఎక్కలేదు. పువ్వు రాలి రాలి అక్కడే కుళ్లిపోయేది. గాలి ఇటు తిరిగితే ఆ తియ్యటి వాసన ఊళ్లోకి దిగేది. అమ్మ లేచి తలుపు వేసేది. వాసనకు తలుపు అడ్డమా? అయినా వేసేది. నేను ఖమ్మంలో ఉన్నా నా కాళ్లు మాత్రం ఆ దారిలోనే ఉండిపోయాయి. పార్కులో గడ్డి మీద నడవలేను. వానపడ్డాక కాలేజీ గ్రౌండు దాటాలంటే ఎవరో ఒకరి అడుగుల జాడ వెతుక్కుంటాను. ఈ మేడమ్‌కు చెప్పులంటే ఎంత ప్రేమో అని పిల్లలు వెనక నవ్వుకోవడం నాకు తెలుసు.

ఒక ఏడాది భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసులో లేచి, "మేడమ్, మా దిక్కు అడవిల మందుపాతరలు పెట్టినోళ్లు గిందులకు వస్తరా?" అని అడిగింది. వస్తారనేవాళ్ల వాదన చెప్పాను, రారనేవాళ్ల వాదన చెప్పాను, పరీక్షలో రెండూ రాస్తే పూర్తి మార్కులు పడతాయన్నాను. ఇంటికి వెళ్లాక ఒళ్లు మండిపోయింది. మా తమ్ముడు ఎవరి లక్ష్యమూ కాదు, ఎవరికీ సందేశమూ కాదు. పూలు ఏరుకోవడానికి వెళ్లాడు. వాడికి ఏ పుస్తకంలో చోటుంది?

ఇప్పుడు అడవి కాస్త చల్లబడింది. మా దగ్గర సెల్ టవర్ వచ్చింది. తుపాకులు పట్టుకు తిరిగినవాళ్లు చాలామంది లొంగిపోయారు. అందులో ఒకతను, గుట్ట అవతలి ఊరివాడు, ఇప్పుడు భద్రాచలం దారిలో ఆటో నడుపుతున్నాడు. పోయినేడు పోలీసుల వెంట వచ్చి గుట్ట మీద పాతినచోట్లు చూపించాడట. చూపించినవన్నీ తీసేశారు. ఆ తర్వాత ఒకనాడు ఒంటరిగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇదంతా అమ్మ నాకు తర్వాత చెప్పింది.

"పెద్దమ్మా, ఆ దారిల పెట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న" అని కోయలోనే మొదలుపెట్టాడట. అమ్మ తెలుగులో జవాబిచ్చింది. మంచినీళ్లు ఇచ్చింది, మంచం వాల్చలేదు, మా ఇంటి మాటైన కోయను అతనికి ఇవ్వలేదు. అతను చెప్పాల్సిన అసలు సంగతి ఇంకొకటుంది. పై చెట్టు దిక్కు ఇంకొకటి పెట్టినట్టు గుర్తు, ఎక్కడ పెట్టారో యాదికి వస్తలేదన్నాడు. పోలీసులకూ చెప్పాడు, వాళ్లు వెతికారు, దొరకలేదు. వానలకు కొట్టుకుపోయిందో, ఉందో. అటు ఎవరూ పోవద్దని చెప్పడానికి వచ్చానన్నాడు.

"నా చెట్టు కాడికి నేను పోత" అన్నదట అమ్మ.

అప్పుడు అతను, "గట్లయితే ముంగట నేను నడుస్త" అన్నాడట.

అమ్మ అతని వెనక గుట్ట ఎక్కుతోందని నాకు పక్కింటి వదిన ఫోన్ చేసి చెబితే తెలిసింది. అప్పటికే కొన్ని రోజులుగా పొద్దున్నే అతను రావడం, ముందు నడవడం, అమ్మ వెనక నడవడం, కింది చెట్టు కింద పువ్వు ఏరుకుని దిగిరావడం జరిగిపోతోంది. కాలేజీకి సెలవు పెట్టి ఊరికి పరిగెత్తాను. వాకిట్లో చాప మీద పువ్వు ఎండుతోంది. ఇంటినిండా ఆ వాసన. తలుపు బార్లా తీసి ఉంది.

నేను అరిచాను. ఏడ్చాను కూడా. "వాడెవడో తెలిసే వాని వెనక పోతున్నవా?" అన్నాను.

"అవ్, తెలిసే పోతున్న."

"రేపు ఏమన్నా అయితే?"

"ముంగట వాడున్నడు గదా."

అమ్మ అంత చల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు. చాప పక్కన కూర్చుని, అడగకూడదనుకుంటూనే అడిగాను. "అమ్మా, వాని కాళ్ల కింద పేలాలనా?"

అమ్మ పువ్వును అటూ ఇటూ తిప్పింది. "మొదటి దినం గదే అనుకున్న బిడ్డా. వాని కాళ్ల మీదనే చెవు పెట్టి నడిచిన. పేలితే పేలనీ అనుకున్న."

"ఇప్పుడో?"

రేపు పై చెట్టుకు పోతున్నామన్నది అమ్మ. నేనూ వస్తానన్నాను.

తెల్లవారుతుండగా అతను వచ్చాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. బక్కగా ఉన్నాడు, ఆటోవాళ్లు వేసుకునే ఖాకీ చొక్కా, కాళ్లకు చెప్పులు లేవు. నన్ను చూసి తల వంచుకున్నాడు. పళ్లు కొరుక్కోవడం తప్ప నాకు ఏమీ చేతకాలేదు. ముందు అతను, మధ్యలో అమ్మ, వెనక నేను.

కింది చెట్టు దాటాక గడ్డి మొలిచిన ఒక చిన్న గుంట ఉంది. అక్కడ అతని అడుగు తడబడింది. అమ్మ ఆగకుండా, చూడకుండా దాటింది. నేను ఆగాను. తమ్ముడు పోయిన చోటు నేను చూడటం అదే మొదటిసారి. అంత చిన్నదిగా ఉంటుందనుకోలేదు.

అక్కడి నుంచి దారి లేదు. ఇన్నేళ్లుగా రాలిన ఆకు మందంగా పేరుకుపోయి ఉంది. అతను నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. మెడ మీద చెమట పట్టింది. చివరికి ఎడమ వైపు ఆకుల్లోకి కాలు ఎత్తాడు.

"నిదానం కొడకా" అన్నది అమ్మ.

కోయలో అన్నది. తమ్ముడి వెనక కేకేసిన మాటే, అదే గొంతు. కానీ చెయ్యి ముందుకు చాచి, అతని చొక్కా అంచు పట్టుకుని అన్నది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ మాట వాడిది, నా తమ్ముడిది, ఇంకెవరికీ ఇవ్వకూడదు. అమ్మను పట్టుకుని వెనక్కి లాగాలనిపించింది. అతన్ని అక్కడే ఒంటరిగా వదిలేసి వెళ్లిపోవాలనిపించింది. అతను కాలు దించాడు. ఏమీ కాలేదు. ఇంకో అడుగు వేశాడు. అమ్మ చొక్కా వదిలి వెనకే నడిచింది.

నేను కదల్లేదు. పది గజాలు పోయాక అతను వెనక్కి తిరిగి, నా ముఖం చూడకుండా, "అక్కా, నా అడుగు మీదనే అడుగెయ్యి" అన్నాడు.

వెనక్కి పోవచ్చు. కానీ ముందు అమ్మ ఉంది. అతను తొక్కిన చోట ఆకు నలిగి, కింద మట్టి కనిపిస్తోంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. అతని కాలు పడిన చోట నా కాలు పెట్టాను. తర్వాత ఇంకోటి. పై చెట్టు చేరేదాకా ఒక్క అడుగు కూడా పక్కన వేయలేదు.