కుంకుమ పెట్టిన మీట

ఆ పని సంగతి మొదట నా చెవిన వేసింది మా మరిది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ వాళ్లు ఇంటి నుంచే ప్రోగ్రాములు రాసే మనిషిని వెతుకుతున్నారని, దసరా మరునాడు పొద్దున వీడియోలో పరీక్ష పెడతారని చెప్పాడు. అది దొరికితే ఆ ఏడు నా భర్త మిరప కోతలకు గుంటూరు వైపు పోనక్కరలేదు. అందుకే మాకు అంత భయం.

నేను బడికి పోలేదు. అక్షరాలు ఇంట్లోనే నాయన నేర్పాడు. కంప్యూటర్ నేర్పింది కల్లూరులో మా పక్కింటి ముస్లిం అక్క, ఒకప్పుడు నెట్ సెంటర్లో పనిచేసిన మనిషి. మా పాత ల్యాప్‌టాప్‌కు మౌస్ పనిచేయదు కాబట్టి అన్నీ మీటలతోనే నేర్పింది. ప్రోగ్రాము రాసే ఎడిటర్‌లోనే దాన్ని నడిపే టెర్మినల్ ఉంటుంది. కంట్రోల్ పట్టుకొని, ఎస్కేప్ కింది మీట నొక్కితే తెరుచుకుంటుంది.

దసరా నాడు ఆయుధపూజలో ల్యాప్‌టాప్‌కూ బొట్లు పెట్టాను. ఆ మూల మీటకు మాత్రం తడి కుంకుమ కాస్త ఎక్కువే అద్దాను.

మరునాడు తెర మీద ఒక పెద్దాయన, "ఏదీ, నడిపి చూపించమ్మా" అన్నాడు. నొక్కాను. మీట దిగలేదు. కుంకుమ ఎండి బిగుసుకుపోయింది. గోటితో గీకాను. వంటింటి గడపలో నిలబడ్డ నా భర్త వైపు చూడలేకపోయాను.

"ఏమమ్మా, ఆగిపోయినావు?"

కరెంటు పోయిందనే అబద్ధం నోటిదాకా వచ్చింది. "సార్, నిన్న పూజలో కుంకుమ పెట్టినా. మీట ఇరుక్కపోయిండాది" అన్నాను.

ఆయన నవ్వాడు.

"మా ఆఫీసులో ప్రింటర్ కింద నిమ్మకాయ పెట్టినారు లేమ్మా. ఇంకో దారి లేదా?"

అప్పుడు అక్క తిట్టు గుర్తొచ్చింది. "ఆ ఒక్క మీటనే పట్టుకోని ఏలాడుతాండావు. అది పోతే ఏం చేస్తావు? కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కు. పైన పెట్టె వస్తాది. దాంట్లో టెర్మినల్ అని కొట్టి ఎంటర్ నొక్కు."

అలాగే చేశాను. టెర్మినల్ తెరుచుకుంది. తొందరలో ఆదేశం తప్పు పడింది. పై బాణం నొక్కి అదే వరుస తెచ్చుకొని, తప్పు దిద్ది నడిపాను. ప్రోగ్రాము నడిచింది.

నాలుగు రోజులు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాం. ఐదో రోజు పని ఇచ్చామన్నారు. నా భర్త మూట కట్టలేదు. దేవుడికి దండం పెట్టుకొని నేరుగా అక్క గుమ్మంలోకి పోయాను. "ఇప్పుడన్నా ఏలాడ్డం మానుకో" అంది.

ఆమె ఇప్పుడు కడపలో కూతురి దగ్గర ఉంది. చూపు తగ్గుతోంది, ఆపరేషన్ చేయాలన్నారు. చదివే మీరు ఏ దేవుణ్ణి మొక్కినా, ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.