చంకలో దాచిన చెయ్యి

మా మామ కుడిచేతిని ఎప్పుడూ ఎడమ చంకలో దాచుకునేవాడు. ఫ్యాక్షన్ రోజుల్లో ఆయన జమ్మలమడుగు దగ్గర ఒక నాయకుడికి కావలి మనిషి. ఒకనాడు జీపు ఎక్కుతుంటే ఆ చెయ్యి వణకడం నాయకుడు చూశాడు.

"భయపడతాండావు. ఇంగ ఇంటికాడ ఉండప్పా," అన్నాడు.

ఆ మాటతో మామ ఊళ్లో పిరికివాడైపోయాడు. ఆ ఏడాదే నాయకుణ్ని వెంట ఉన్న కావలి మనుషులే నరికేశారు.

కొన్నేళ్లకు మామను ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించాను. పార్కిన్సన్స్, అంటే వణుకు జబ్బు, అన్నాడాయన. క్రిముల నుంచి మెదడును కాపాడాల్సిన కణాలే తిరగబడి మంచి కణాలను చంపుతున్నాయేమో, ఇంకా పూర్తిగా తేలలేదన్నాడు.



"కావలి కాసేటోళ్లేనా సార్, సంపేది?" అన్నాడు మామ. "అయితే ఇది భయం గాదు గదా?"

"కాదు, జబ్బు. మందులతో కాస్త తగ్గుతుంది గానీ నయం కాదు."

నయం కాదన్న మాట మామ చెవిన పడినట్టే లేదు. బస్టాండులో టీ గ్లాసు కుడిచేత్తోనే అందుకున్నాడు. సగం చొక్కా మీద ఒలికింది. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషితో నవ్వుతూ, "జబ్బప్పా ఇది, భయం గాదు," అన్నాడు.

ఆ మాట వినవలసిన మనిషి అప్పటికే లేడు.