లేతుకు వేసిన బంతిపూల దండ

ఈ కథ మొదలుపెట్టే ముందు మీరు కొంచెం వెనక్కి జరిగి కూర్చోండి. ఇందులో ఒక ఇనుప వస్తువు గాలిలోకి లేస్తుంది. ఒక పెద్దమనిషి నెత్తి నుంచి కాళ్ల దాకా ఎర్రగా తడుస్తాడు. ఒక పూజ మంటగలిసిపోతుంది. ఇంత ఘనకార్యం చేసింది ఏ దొంగో దొరో కాదు, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికే నేను. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఇప్పటికీ ముందు ఒళ్లు జలదరించి, ఆ తర్వాతే నవ్వొస్తుంది.

మా నాయనకు నగరిలో ఒక లేతు ఉండేది. ఇనుప కడ్డీని పట్టుకుని గిరగిరా తిప్పుతుంటే, పక్కనుంచి ఉలి ఆనించి చెక్కే యంత్రం అన్నమాట. ఊళ్లో మరమగ్గాలకు ఏ ఇరుసు అరిగినా, ఏ చక్రం పళ్లు ఊడినా ఆయన దగ్గరికే వచ్చేవి. మా అన్న చెంగల్రాయుడు చిన్నప్పటి నుంచీ నాయన పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. నన్ను మాత్రం నాయన షెడ్డు గడప దాటనిచ్చేవాడు కాదు. "నువ్వు సదువుకోరా, ఈ నూనె మురికి నీకెందుకు" అనేవాడు. సరే, చదువుకున్నాను. రాజులు ఎవరు ఎవర్ని ఎందుకు చంపుకున్నారో అంతా నాకు తెలుసు. నాయన పోయాక మాత్రం తెలిసింది, ఆయన చేతి పని ఒక్కటి కూడా నా చేతికి రాలేదని. ఆ బాధ ఎవరికి చెప్పుకుంటే తీరుతుంది?

కొన్నేళ్ల తర్వాత షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడు. అప్పటికి లేతు మీద తుప్పు పెచ్చులు కట్టి ఉంది. అన్న దాన్ని పాత ఇనుముకు వేసేద్దామన్నాడు.

"వద్దన్నా. తిరుపతికి నేను తీసుకుపోతా. బాగుచేసి తిప్పుతా" అన్నాను.

అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వా? ఇంట్లో ట్యూబ్‌లైటు మార్సేదానికి మనిషిని పిలిపిస్తావే, ఆ నువ్వేనా?"

"నేర్చుకుంటా."

"సరేరా. ఆయుధపూజ దాకా సూస్తా. ఆ పొద్దుకు అది తిరిగిందా, నీ ఇంట్లోనే పెట్టుకో. తిరగలేదంటే పాత ఇనుపాయన బండిని నేనే పిలుచుకోనొస్తా. మళ్లా మాట్లాడకూడదు."

అలా నాయన లేతు టెంపో ఎక్కి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దిగింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త మెకానిక్కు భార్యనే ఎరగడు. ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. వాటిలో ఎవరో విదేశీయుడు తుప్పు పట్టిన లేతును విప్పి, తుడిచి, అరగంటలో అద్దంలా చేసేస్తాడు. ప్రతి వీడియో మొదట్లో అతను వేలు చూపించి ఏవో జాగ్రత్తలు చెప్పేవాడు. ఆ భాగం విసుగ్గా ఉండేది. వేలితో జరిపేసి, తళతళలాడే చోటు నుంచి చూసేవాణ్ని. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

తుప్పు ఎంతకీ వదలక ఏడిపిస్తుంటే నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. పూజసామాన్లు చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తాయి కదా? వంటింట్లోకి వెళ్లి చింతపండు జాడీ తెచ్చి, యంత్రం ఒంటి నిండా పట్టించి పడుకున్నాను. తెల్లారేసరికి లేతు కాకిలా నల్లబడింది. మా ఆవిడ రేవతి ఖాళీ జాడీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"పండక్కి పులిహోర సేద్దామని పెట్టుకున్న్యా. అంతా దీనికి పూసినారా?"

"ఇత్తడి మెరుస్తుంది కదా అని..."

"ఇది ఇత్తడా? మీ నాయన దీన్ని తోమింది కిరసనాయిలుతో. మీకు తెలీకపోతే నన్నన్నా అడగొచ్చు గదా!"

అడగలేదు. అడిగితే చదువుకున్నవాణ్ని ఎలా అవుతాను? ఆపైన కిరసనాయిలు, ఉప్పుకాగితం, నూనె గుడ్డ పట్టుకుని ఆదివారాలన్నీ రుద్దాను. గోళ్లు నల్లబడ్డాయి, నడుం పట్టేసింది. కానీ రుద్దేకొద్దీ లోపలి ఇనుము వెండి రంగులో బయటపడుతుంటే, చిన్నప్పుడు నన్ను రానివ్వని ఆ గడప దాటుతున్నట్టే ఉండేది. మోటారు పని తెలిసినవాళ్ల చేత చేయించాను. పూజకు ముందు రోజు సాయంత్రం స్విచ్ వేస్తే లేతు సన్నగా మూలిగి తిరిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, షెడ్డులో ఒక్కణ్నే నిలబడి ఏడ్చాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే యంత్రానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. గొప్ప పూజ కదా, బంతిపూల దండ కూడా వేయాలి. బజారులో ఉన్నవాటిలో అన్నిటికంటే లావుపాటిది తెచ్చాను. కానీ వేయడం ఎక్కడ? లేతుకు మెడ ఉండదు. ముందువైపు చక్ అని ఒక గుండ్రటి ఇనుప పిడికిలి ఉంటుంది, కడ్డీని పట్టుకుని తిరిగేది అదే. నున్నగా ఉంటుంది కాబట్టి దండ జారి కింద పడుతోంది. అప్పుడు నా కంటికి చక్ కీ కనిపించింది. అంటే ఆ పిడికిలిని బిగించే తాళంచెవి. జానెడు పొడవు, బరువైన ఇనుము, సుత్తిలాంటి పిడి. దాన్ని చక్ పైన ఉన్న కన్నంలో దూర్చాను. కొక్కెంలా నిటారుగా నిలబడింది. దండ దానికి తగిలించాను. దండ మందానికి తాళంచెవి పూర్తిగా మునిగిపోయింది. అబ్బ, ఎంత అందంగా కుదిరిందో! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను తుప్పు వదిలింది, దండ చుట్టమన్నాను.

లేతు పని చేసే ప్రతి మనిషికీ మొట్టమొదట నేర్పే సంగతి ఒకటుంది. చక్ కీని చక్‌లో వదిలేసి స్విచ్ వేయకూడదు, వేస్తే అది తుపాకి గుండులా వస్తుంది. వీడియోల్లో ఆ పెద్దమనిషి వేలు చూపించి చెప్పింది అదేనని తర్వాత తెలిసింది.

అన్న నగరి నుంచి బస్సులో వచ్చాడు. చేతిలో బూడిద గుమ్మడికాయ. లేతును చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"తిరగతాదా?" అన్నాడు.

"నిన్ననే తిరిగిందన్నా."

"నాయన ఏం చేస్తా ఉన్న్యాడో తెలుసు గదా? పూజ కాంగానే ఒక్క తడవ తిప్పేది, తిరగతా ఉండంగానే దిష్టి తీసేది. ఆమీట ఆపేసి, మళ్లా విజయదశమికే ముట్టుకునేది. అట్నే చేద్దాం." గుమ్మడికాయకు గంటు పెట్టి, కుంకుమ నీళ్లు పోసి, పైన కర్పూరం పెట్టాడు. అంతలో దండ మీద చూపు పడింది. "ఒరే, తిరిగేదానికి దండేందిరా? తీసెయ్."

"ఉండనీ అన్నా. రేవతి వీడియో తీస్తా ఉండాది, బాగా వస్తాది. ఒక్క నిమిషమే కదా."

"కీ యాడ పెట్టినావు?"

"భద్రంగానే పెట్టినా అన్నా."

అబద్ధమా? కాదు. నేను దాన్ని ఎంత భద్రంగా పెట్టానో మీకు తెలుసు. అన్న నా మాట నమ్మాడు. లేతుకు ఎదురుగా నిలబడి, వెలిగే కర్పూరంతో గుమ్మడికాయను రెండు చేతులా గుండెల ముందు పట్టుకున్నాడు.

"ఊ, వెయ్" అన్నాడు.

స్విచ్ వేశాను. ఒక బంతిపూల సుడిగాలి లేచింది. అందులోంచి ఏదో నల్లగా దూసుకొచ్చింది. ఫట్‌మని శబ్దం. అన్న వెనక్కి విరుచుకుపడ్డాడు. ముఖం, మెడ, తెల్లచొక్కా అంతా ఎరుపు.

"బావా!" అని రేవతి ఫోను జారవిడిచి అరిచింది. నేను పాక్కుంటూ అన్న దగ్గరికి వెళ్లాను. నాయన లేతు నిలబెట్టాలని చూసి నాయన పెద్దకొడుకును చంపేశానే అనుకున్నాను.

"అన్నా! అన్నా! రక్తం..."

అన్న కళ్లు తెరిచి మూతి తుడుచుకున్నాడు. "రక్తం కాదురా... గుమ్మడికాయ." ఒళ్లో రెండు ముక్కలున్నాయి. ఒక ముక్కలో సగం దాకా దిగబడి చక్ కీ. దాన్ని పీకి చేత్తో బరువు చూశాడు. నా వైపు చూశాడు. "ఇదేనా భద్రం?"

నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. వీపు మీద నాలుగు తగిలిస్తాడనుకున్నాను. ఆయన మాత్రం చెయ్యి ఎత్తి, "ష్... విను" అన్నాడు.

ఇంత గొడవలోనూ లేతు ఆగలేదు. పూలన్నీ విదిలించుకుని, అదురూ బెదురూ లేకుండా, సన్నటి మూలుగుతో తిరుగుతూనే ఉంది. అన్న లేచి వెళ్లి చక్‌కు దూరంగా దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించాడు. ఎర్రటి బుగ్గల మీద కన్నీళ్లు దారి చేసుకున్నాయి.

"దీన్ని సూసినప్పుడల్లా నాయన లేడని గుర్తొచ్చేదిరా. అందుకే పంపించేద్దామంటిని" అన్నాడు. కాసేపటికి తనే స్విచ్ ఆపాడు.

రేవతి తువ్వాలు అందిస్తూ భయపడుతూనే అడిగింది. "అయితే బావా, పాత ఇనుపాయన్ని పిలవరు గదా?"

"పిలుస్తామ్మా, ఎందుకు పిలవను? మిషను బ్రహ్మాండంగా ఉండాది. పాత ఇనుముకు ఎయ్యాల్సింది ఈయప్పని!" అంటూ నా వైపు వేలు చూపించాడు.

ఆ రోజే లేతు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో తిరిగే వస్తువు దేనికీ దండ వేయను. గ్రైండరుకు వేయను, ఫ్యానుకు వేయను, ఆటో చక్రానికి వేయను. త్వరలో మా అన్న షష్టిపూర్తి వస్తోంది. ఆయనకు కూడా, కదలకుండా కూర్చున్నాడని నాలుగువైపుల నుంచీ చూసుకున్నాకే వేస్తాను.