మగ్గం గుంటలో బొగ్గులు

మా చిన్నప్పుడు... వానాకాలం వచ్చిందంటే ఇంట్లో కిటికీలు మూతపడేవి. వరంగల్ కొత్తవాడలో రెండు గదుల ఇల్లు మాది. ముందు గదిలో సగం మగ్గమే. నేలలో మోకాళ్లు దాటేంత గుంట... అందులో కాళ్లు పెట్టుకుని మా బాపు పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా అక్కడే. జల్లు కొడితే మగ్గం మీది దారాలు తడుస్తాయని కిటికీ రెక్క కూడా కదపనిచ్చేవాడు కాదు.

ఇక వాసన... నూలుకు గంజి పెట్టి ఎండలో ఆరేయాలి. వానల్లో ఎండ ఎక్కడిది? ఆ తడి నూలంతా ఇంట్లోనే దండేల మీద వేలాడేది. రెండు రోజులకు గంజి పులిసేది. గుంటలోని చెమ్మ కంపు దానికి తోడు. అన్నం తింటున్నా అదే వాసన, దుప్పటి కప్పుకున్నా అదే. ఇల్లు మారదామంటే మగ్గం నేలలో పాతుకుని ఉంది... మేమంతా దానికి కట్టేసినట్టు ఉండేవాళ్లం.

మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. నిమ్మతొక్కలు పారేయనిచ్చేది కాదు. నాలుగు లవంగాలు వేసి నీళ్లలో మరగబెట్టి ఇల్లంతా ఆవిరి పట్టేది. బొగ్గులు పాత గుడ్డలో మూటకట్టి బియ్యం డబ్బా వెనక, బట్టల పెట్టెలో, మూలమూలనా పెట్టేది. సాయంత్రం ఎండు వేపాకూ ఊదూ కలిపి పొగ వేసేది. ఆ పొగకు మేము దగ్గి దగ్గి చచ్చేవాళ్లం... వాసన మాత్రం చక్కగా బతికే ఉండేది!

ఏడో తరగతిలో నా పక్కన సరిత కూర్చునేది. ఒకరోజు నా నోట్‌బుక్కు ముక్కు దగ్గర పెట్టుకుని "గిదేందే, పులిసిన గంజి వాసనొస్తాంది?" అంది. వెక్కిరించలేదు పాపం, మామూలుగానే అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వానకు తడిసిందని అబద్ధం చెప్పాను.

అది చాలదన్నట్టు "ఆదివారం మీ ఇంటికొస్త, సైన్స్ బొమ్మలు కల్సి గీసుకుందాం" అంది. వద్దనడానికి నోరు రాలేదు. క్లాసు మొత్తంలో నాకున్న దోస్తు అదొక్కతే. మా ఇల్లు చూసి అదీ దూరమైతే ఎట్లా అని రాత్రి అన్నం సహించలేదు.

శుక్రవారం బాపు నూలు తేవడానికి వెళ్లాడు. అమ్మ వెనక గిన్నెలు తోముతోంది. బస్తాలోంచి చేటెడు బొగ్గులు తీసి మగ్గం గుంటలో కుమ్మరించాను. మూట కట్టాలని తట్టలేదు. మూలకు గుప్పెడు పనిచేస్తే గుంటకు చేటెడు పనిచేయవా అని నా తెలివి...

బాపు వచ్చి గుంటలో కాళ్లు పెట్టాడు. లోపల చీకటి, చూసుకోలేదు. కాళ్ల కింద బొగ్గులు నుగ్గునుగ్గు అయ్యాయి. తొక్కే చెక్కకు కట్టిన తాడు వదులైతే వంగి చేత్తో బిగించాడు. అదే చేత్తో తెగిన పోగు అతికాడు. తెల్లటి పంచె బట్ట మీద నల్లటి వేళ్ల ముద్రలు పడ్డాయి.

"నీ చేతులిరగ! నాల్గు రోజుల పని పాడు జేస్తివి గదే!" అని అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. బాపు అడ్డం వచ్చాడు.

"ఎందుకేసినవ్ బిడ్డా?"

ఏడుస్తూ మొత్తం కక్కేశాను... "ఆదివారం సరిత వస్తాంది. మనిల్లు కంపు గొడ్తాంది బాపూ. నా ఇజ్జత్ పోతది."

ఆయన తడిగుడ్డతో ఆ మరకలను చాలాసేపు రుద్దాడు. అవి ఇంకాస్త పాకాయి.

ఆదివారం పొద్దున్నుంచి ఇంట్లో ఒకటే హడావుడి. అమ్మ ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లతో బండలు తుడిచింది. బాపు తడి నూలంతా తీసుకెళ్లి పక్కింటి రేకుల కింద ఆరేసి వచ్చాడు. గుంట మీద చెక్కలు పరిచి చాప వేశాడు. తర్వాత కుంకుడు రసంతో తలంటుకుని, నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. చేతులు వాసన చూసుకున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు. నేను పెన్సిళ్లు చెక్కుకుంటూ చూశానే తప్ప, ఎందుకని అడగలేదు.

సరిత వచ్చింది. చాప మీద కూర్చుని గుండె బొమ్మ, ఊపిరితిత్తుల బొమ్మ గీసుకున్నాం. అమ్మ సర్వపిండి పెట్టింది. "మీ ఇల్లు మస్తు వాసనొస్తాందే, గుడిలెక్క!" అంది సరిత. నా కాళ్లు నేల మీద నిలవలేదు. "మీ బాపు లేడా?" అని అది అడిగితే గాని నాకు గుర్తు రాలేదు... బాపు ఏడి?

సరితను సందు చివరిదాకా దింపి వస్తుంటే కనిపించాడు. మూసి ఉన్న కిరాణా కొట్టు మెట్ల మీద, జల్లుకు సగం తడిసి, ఒక్కడే కూర్చున్నాడు.

"పోయిందా మీ దోస్తు?"

"పోయింది. నువ్వేంది బాపూ, గీ వానల గిక్కడ కూసున్నవ్?"

"ఎంత కడిగినా చేతుల వాసన పోతలేదు బిడ్డా... ఆ పిల్ల ముందట నీకు నామోషీ ఎందుకని."

ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురావాల్సింది... పట్టుకోలేదు. ముందు నేను నడిచాను, వెనక ఆయన వచ్చాడు.

ఇప్పుడు హనుమకొండలో అపార్ట్‌మెంట్. గోడ ప్లగ్గులో గుచ్చిన ఓ సీసా రోజంతా మల్లెపూల వాసన చిమ్ముతూ ఉంటుంది. ఎవరొచ్చినా ఫికర్ లేదు. బాపు లేడు. ఆ గుంట పూడ్చి టైల్స్ వేశారు. ఆ ఆదివారంలోంచి మాత్రం నేనింకా బయటికి రాలేకపోతున్నాను.

మీ ఇంట్లో ఏ వాసన ఉండేది? దాన్ని దాచడానికి ఏమేం చేశారు... ఎవరిని దాచారు? రాయండి, చదువుతాను.