నేను కట్టానన్న గోడ

మేము చదువుకున్న బడి హాస్టలు చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ఉంది. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కట్టిన పాతకాలం మిద్దె. కూల్చేద్దామన్నవాళ్ళకూ బాగుచేద్దామన్నవాళ్ళకూ కొన్నేళ్ళు తగవు నడిచి, చివరికి పోయిన వేసవి సెలవుల్లో మరమ్మతు మొదలైంది. పాత నక్షా ఎక్కడా దొరకలేదు. అందుకని బడి పెద్దయ్యవారు మాలాంటి ముసలి విద్యార్థులను పిలిపించి, ఏది మొదట కట్టిందో, ఏది తర్వాత చేర్చిందో చెప్పమన్నారు. తర్వాత చేర్చినవి పడగొట్టి, మిద్దెను మొదటి తీరుకు తేవాలని వాళ్ళ ఆలోచన.

నా నోరు ఊరుకుంటుందా? అన్నాల గదికీ పడక గదికీ నడుమనున్న గోడ మొదట్లో లేనేలేదని, అదంతా ఒకటే హాలని, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పిల్లలమే ఆ గోడ కట్టామని చెప్పాను. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి సున్నం నానబెట్టామన్నాను. వంద ఇటుకలు ఒక్కడినే మోశానన్నాను. తాపీ కూడా పట్టానని అనబోయి, ఎదురుగా మరమ్మతు చేసే మేస్త్రీ కూర్చున్నాడని మింగేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీ మాత్రం చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకోవడం చూశాను. చూసీ ఊరుకున్నాను.

నిజమేమిటంటే, ఆ ఏడు పెద్ద తరగతి పిల్లలు వంటగది వెనక మోకాలెత్తు పిట్టగోడ ఒకటి కట్టారు. నేను గజ్జి పట్టి ఇంట్లో పడి ఉన్నాను.

వారం తర్వాత పని చూద్దామని పోయాను. వరండాలో ఉండగానే పలుగు దెబ్బలు వినిపించాయి. మేస్త్రీ ఆ గోడ నడుమ మనిషి పట్టేంత బొక్క కొట్టి, దాంట్లోనే నిలబడి పక్క ఇటుకలు పెరుకుతున్నాడు. నా కళ్ళముందే గోడ నెత్తిన సున్నం పూత పెళ్ళగా ఊడి పడింది. వెనక దూలం కనిపించింది. ఒకటి కాదు, రెండు. ఇటుదాని కొస, అటుదాని కొస, రెండూ ఆ గోడ మీదే ఆని ఉన్నాయి; మిద్దె బరువంతా మోస్తున్నది అదే.

పులిలా దూకి ఆయన్ను బయటికి లాగానని మా ఇంట్లో చెప్పాను. లేదు. గడప ఇవతలే నిలబడిపోయాను. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి ఇంకో పోటు పొడుస్తాడేమోనని భయం. నీకెట్లా తెలుసని అడుగుతాడేమోనన్న భయమూ, సిగ్గు విడిచి చెబుతున్నాను, దానికేమీ తీసిపోలేదు.

"మేస్త్రీ, ఇట్రాప్పా," అన్నాను మెల్లగా.

"ఏం పెద్దాయనా, నీ గోడ పడగొడ్తావుంటే కడుపు మండతా ఉండాదా?"

"అది నా గోడ కాదు."

"ఇస్కూలు గోడేలే. ఇంగ రెండు వరసలు, అయిపోతాది."

"నేను కట్టలేదప్పా. నేను పుట్టకముందే ఉండాది. అబద్దం జెప్పినా. పైన సూడు, రెండు దూలాలు. నీకు దండం పెడతా, బయటికి రా."

ఆయన తలెత్తాడు. మెడ మీద సున్నం సన్నగా రాలుతోంది. పలుగు చేతిలో అలాగే పట్టుకుని, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ గడప దాటి, నేల మీద కూలబడ్డాడు. కూలీలు సవుకు కట్టెలు తెచ్చి దూలాల కింద ఊతంగా బిగించేదాకా అక్కడి నుంచి లేవలేదు.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పుస్తకం తీశాడు.

"నువ్వు జెప్పినవి నాలుగు పేజీలుండాయి. బడి తెరిస్తే పిల్లోళ్ళు ఈడ పండుకుంటారు. పదా, ఒక్కొక్కటే జెప్పు."

గదిగదికీ తిప్పాడు.

"ఈ వరండా స్తంభాలు తర్వాత పెట్టినవంటివే?"

"వొట్టిదే."

"ఈ కిటికీ?"

"అది నిజం. మా మంచం దాని కిందే."

"మెట్ల కింద బాయి ఉన్నింది, పూడ్సినారంటివి?"

ఆ బావి కథ మనవళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో! గిలక కిర్రుమనడం ఇప్పటికీ వినిపిస్తుంది. అది విన్నానో, నేనే పుట్టించానో ఎంత తడుముకున్నా తేలలేదు.

"తెలీదప్పా."

"తెలీదంటే ఎట్ల? దినామూ యాభైమంది ఎక్కి దిగే మెట్లు."

"నిజంగానే తెలీదు. తవ్వి సూడండి."

ఆయన రాసుకున్నాడు. నేను మెట్టు మీద పెట్టిన కాలు మెల్లగా తీసి, పక్కన నేలను రెండుసార్లు తట్టి చూసి, అప్పుడు దించాను.