కెజియా కాపలా కాసిన మడ అడవి

కెజియా మట్టలపాళేనికి కోడలుగా వచ్చేనాటికి ఆమెకు ఉప్పునీళ్ల సంగతి ఏమీ తెలియదు. గూడూరు పక్క నిమ్మతోటల్లో కాయలు కోస్తూ పెరిగిన పిల్ల. పెళ్లయిన నాలుగో రోజున ఆడబిడ్డ ఫ్లోరా వెంట పీతలకని ఉప్పుటేటి బురదలోకి దిగి, మోకాళ్ల దాకా కూరుకుపోయి, కదల్లేక ఏడుపు లంకించుకుంది. పద్నాలుగేళ్ల ఫ్లోరా కడుపు పట్టుకుని నవ్వింది.

"బురదతో పెనుగులాడగూడదు వొదినా. ఒళ్లు వెనక్కి వాల్చు, అదే వదిలేస్తది" అంటూ చంకల కింద చేతులేసి లాగింది.

ఆనాటి నుంచి ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్లలాగే తిరిగారు. ఫ్లోరాకు పెళ్లయినా దూరం పోలేదు. అదే పాళెంలో లాజరస్‌ను చేసుకుని, అన్న జడ్సన్ ఇంటికి నాలుగిళ్ల అవతల కాపురం పెట్టింది.

విడవలూరుకు తూర్పున, ఏరు సముద్రంలో కలిసే మొగకు కాస్త ఇవతల ఉంటుంది ఆ పాళెం. నలభై గడపలు, ఒక రేకుల చర్చి. ఒకప్పుడు ఏటికి రెండు గట్లా మడ చెట్లే. రొయ్యల గుంటల కోసం వాటిని నరికేశారు. రోగం తగిలి రొయ్యలు చచ్చాక గుంటలవాళ్లు మోటార్లు ఊడదీసుకుని వెళ్లిపోయారు. మిగిలింది తెల్లగా పొంగిన చవుడు. చెట్లతో పాటే పీతలూ పోయాయి. ఆ తర్వాత వచ్చిన తుఫానుకు అడ్డమన్నది లేక సముద్రం నేరుగా ఇళ్లలోకి వచ్చింది. అత్త రెబెక్కమ్మను మంచంతో సహా తలల మీద ఎత్తుకుని చర్చిలోకి మోయాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఏడు ఒక సంస్థవాళ్లు అటవీ శాఖవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి చర్చి ముందర మీటింగు పెట్టారు. మడ అడవిని మళ్లీ పెంచితే గాలివానకు అడ్డం నిలుస్తుందనీ, అందులో పుట్టే పీతలూ తేనే పాళెంవాళ్లవేననీ చెప్పారు. జనం లేచి దుమ్ము దులుపుకోబోయారు. అట్లాంటి మాటలు వాళ్లు విననివి కావు. అప్పుడు ఆడవాళ్లలోంచి కెజియా లేచి నిలబడింది.

"ఇప్పుడు మన చేతిలో ఉండేది ఏంది, చవుడే గదా! పోతే ఏం పోతది? నాటి చూద్దాం" అంది.

ఇల్లిల్లూ తిరిగింది. మొదట కదిలి వచ్చింది ఫ్లోరా ఒక్కతే. తర్వాత ఇంకో పదిమంది. పోటు నీళ్లు లోపలికి వచ్చి పోయేట్టు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పడవల్లో పోయి మడ కాయలు ఏరుకొచ్చి నాటారు. మొదటి ఏడు మొక్కలను మేకలు మేసేశాయి. రెండో ఏడు ఎండకు మాడిపోయాయి. "నీ పిచ్చి మాకూ అంటించినావు గదే కోడలా" అని రెబెక్కమ్మ సణిగింది. మూడో ఏడు మొక్కలు నిలిచాయి.

పదేళ్లు తిరిగేసరికి ఆ చవుట్లో మనిషిని మించిన అడవి లేచింది. వేళ్ల సందుల్లోకి రొయ్య పిల్ల వచ్చింది, దాని వెనకే మండపీత వచ్చింది. పీతలు కొనేవాళ్లు ఐసు డబ్బాలు కట్టుకుని పాళేనికే రావడం మొదలుపెట్టారు. ఫ్లోరా తన కూతురు వెన్నెలను ఆ పీతల మీదే నెల్లూరు హాస్టల్లో ఉంచి చదివించింది. మళ్లీ తుఫాను వస్తే, నీళ్లు చెట్ల దగ్గరే నీరసించి ఆగిపోయాయి. ఆ ఆదివారం చర్చిలో అందరూ కెజియా పేరు చెప్పి ప్రార్థన చేశారు.

అడవి పేరు పైదాకా పోయింది. అదే చేటయింది. దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. చుట్టూ కంచె వేసి గేటు పెట్టి, అనుమతి లేనిదే లోపలికి పోరాదని బోర్డు నాటారు. పాళెంవాళ్లు గోల చేస్తే, కొత్తగా వచ్చిన ఆఫీసరు మెత్తగానే మాట్లాడాడు. మీ హక్కులు ఎక్కడికీ పోవు, ఏయే రోజుల్లో ఎంతమంది పోవాలో రాసి పైకి పంపాం, మూడు నెలలు ఓపిక పట్టండి అన్నాడు. అందాకా గేటు దగ్గర వాచరుగా కెజియాను పెట్టారు. తాను లోపలుంటే తనవాళ్ల మాట లోపల వినిపిస్తుందని ఆమె నమ్మింది. పాళెంవాళ్లూ అదే నమ్మారు. ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని వస్తుంటే ఫ్లోరా సెల్యూట్ కొట్టి నవ్వించింది.

మూడు నెలలు ఐదయ్యాయి. కాగితం రాలేదు.

లాజరస్ పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాడు. పున్నమి మరునాటి పొద్దున ఫ్లోరా బుట్టా, ఇనుప కొక్కెమూ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"వొదినా, ఒక్క గంట పొయ్యేసి వస్తా. ఇంట్లో ఏమీ లేదు."

"ఈ రోజు వద్దుమే. పైనుంచి పెద్దోళ్లు వస్తున్నారు. నువ్వు లోపల కనబడినావంటే, మనోళ్లకు అడవిని అప్పజెప్పగూడదని ఈ మాటే రాసుకుని పోతారు. కాగితం దగ్గరికొచ్చింది. ఇంకొన్నాళ్లు ఓర్చుకో."

"మనం నాటిందే గదా వొదినా."

"నాకు తెలీదా?"

ఫ్లోరా గేటు మీంచి చెయ్యి తీసింది. బుట్ట భుజాన సర్దుకుంది. "సరేలే. నేను మొగ పక్కకు పోతా. నువ్వు అన్నం తిన్నావా?" అంది. కెజియా తలూపింది. నిజానికి తినలేదు.

మొగ దగ్గర చెట్టూ చేమా లేవు, పట్టుకోను కొమ్మ ఉండదు. పున్నమి పోటు అక్కడ నడుస్తూ రాదు, ఉరికొస్తుంది. కెజియాకు ఆ సంగతి తెలుసు. వద్దని ఒక మాట అనబోయింది. అంతలో దుమ్ము లేపుకుంటూ జీపులు వచ్చాయి. గేటు తీయడానికి పరుగెత్తింది.

పెద్దవాళ్లు అడవి చూసి మెచ్చుకున్నారు. కెజియాను నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. మధ్యాహ్నం వాళ్లు భోజనాలకు కూర్చున్నప్పుడు వలలవాళ్లు ఫ్లోరాను పడవలో తెచ్చి గట్టున పడుకోబెట్టారు. బుట్ట తాడు ఇంకా భుజానికే ఉంది.

సమాధి దగ్గర కెజియాను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆమెకు. నెల్లూరు నుంచి వచ్చిన వెన్నెల మాత్రం దగ్గరికొచ్చి, "అత్తా, లోపలికి పోతానని అమ్మ నిన్ను అడిగిందంట గదా?" అంది. అవునంది కెజియా. ఆ పిల్ల తిరిగి తండ్రి దగ్గరికి పోయింది.

ఇరవై రోజులకు కాగితం వచ్చింది. వారానికి నాలుగు రోజులు పాళెం ఆడవాళ్లు అడవిలోకి పోవచ్చు. ఆఫీసరు స్వయంగా తెచ్చి కెజియా చేతిలో పెట్టాడు. మరునాడు ఆమె ఆఫీసుకు పోయి ఖాకీ చొక్కా మడిచి ఆయన బల్ల మీద ఉంచింది.

"సార్, ఆ రోజుకు ఈ కాగితం యాడుండింది?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "సంతకానికి పెట్టినామమ్మా. అప్పటికి పదకొండు రోజులుగా ఆడే ఉండింది" అన్నాడు.

చొక్కా వెనక్కి తీసుకోమని ఆయన బతిమాలాడు. ఆమె వినలేదు.

ఆషాఢంలో ఒక పొద్దున లాజరస్ గొడ్డలి భుజాన వేసుకుని అడవికేసి పోతున్నాడని ఎవరో చెబితే కెజియా పరుగున వెళ్లింది. కామెర్లతో సగమైన మనిషి, గట్టున నిలబడి రొప్పుతున్నాడు. ఆమె అడ్డం పోలేదు.

"కొట్టన్నా. నీ ఇష్టమైనన్ని కొట్టు. నేనేమీ అనను."

లాజరస్ గట్టు పక్క వరుసలో మొదటి చెట్టు మీద చెయ్యి వేశాడు.

"దీంట్లో మా ఆమె నాటింది ఏదమ్మా? దాన్నొక్కదాన్ని వదిలిపెడతా" అన్నాడు.

కెజియా ఒక్కో మొదలూ చూసుకుంటూ పోయింది. ఆ వరుసంతా తానూ ఫ్లోరా పక్కపక్కనే వంగి నాటారు. కబుర్లలో పడి, ఎవరి కాయ ఎక్కడ పడిందో ఎప్పుడూ చూసుకోలేదు.

"తెలీదన్నా" అంది. అని, ఫ్లోరా పోయిన తర్వాత మొదటిసారి బావురుమంది.

లాజరస్ గొడ్డలి కింద పడేసి గట్టు మీదే కూర్చున్నాడు. ఎండెక్కింది. ఒక్క చెట్టూ కొట్టకుండానే అతను ఇంటికి పోయాడు.

ఇప్పుడు పాళెం ఆడవాళ్లు వారానికి నాలుగు రోజులు పీతలకు పోతున్నారు. కడుపుకు లోటు లేదు. చూడవచ్చినవాళ్లు ఈ ఊరు అందరికీ ఆదర్శమంటున్నారు. వెన్నెల సూళ్లూరుపేటలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. పండగలకు వచ్చి అత్త పెట్టిన అన్నం తింటుంది, ఎక్కువ మాట్లాడదు. కెజియా మాత్రం ఏటి గట్టు దాకే వస్తుంది. పోటు ఎప్పుడొస్తుందో లెక్క చూసి, లోపలికి పోయేవాళ్లకు చెబుతుంది. వాళ్లంతా బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడి, తలలు ఎంచుకుని ఇంటికి పోతుంది.